విద్యుత్తు లేని గణన: డొంకరాయి మన్యంలో రసాయన తర్కం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గణన చరిత్రను మనం ఎక్కువగా విద్యుత్తు చరిత్రగానే చదువుకొన్నాం. వాక్యూమ్ ట్యూబు నుంచి ట్రాన్సిస్టరుకు, అక్కడి నుంచి సిలికాన్ చిప్పుకు సాగిన కథ అది. కాని సమాచారాన్ని స్వీకరించి, ఒక నియమం ప్రకారం మార్చి, ఫలితాన్ని చూపడమే గణన అయితే, ఆ పనికి తీగలో కదిలే ఎలక్ట్రాన్లే కావాలన్న నిర్బంధం లేదు. అణువులు ఒకదానితో ఒకటి చర్య జరిపినా ఆ పని జరుగుతుంది. ఈ మార్గానికే రసాయన గణన అని పేరు. దాని చరిత్రను చెప్పేవారు మాస్కో, బెల్‌ఫాస్ట్, లాస్ ఏంజెలస్ ప్రయోగశాలల పేర్లు చెప్పి ఆగిపోతారు. ఈ వ్యాసం అదే చరిత్రను డొంకరాయి కొండల వైపు నుంచి చూస్తుంది.

డొంకరాయిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎగువన మాచ్‌ఖండ్ అనే పేరుతో పారే నది దిగువన సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ ఒక్క నదీమార్గం మీద మాచ్‌ఖండ్‌లో 120, ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గరి దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఆ విద్యుత్తు మైదానానికి దిగిపోయింది. దాన్ని పుట్టించిన కొండల మీది గూడేలలో చాలావాటికి దీపం రావడానికి దశాబ్దాలు పట్టింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో కొండరెడ్లు, కోయలు, ఇంకా అనేక గిరిజన తెగలవారు నివసిస్తున్నారు. కంప్యూటరు కంటే ముందు, ఒక్కోచోట కరెంటు తీగ కంటే కూడా ముందు, ఇలాంటి గూడేలకు చేరిన గణన సాధనం ఒకటుంది. అది జ్వరపరీక్ష పట్టీ. ఆశా కార్యకర్త సంచిలో ఇమిడే ఆ కాగితపు ముక్కను గణన చరిత్రలో చేర్చవచ్చునా, చేరిస్తే ఆ చరిత్ర ఎలా మారుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

పసుపు, సున్నం, ఒక ప్రశ్న

రంగు మారడం ద్వారా జవాబు చెప్పే రసాయనం మనకు కొత్తది కాదు. పసుపు ఈ కొండల పంట. పసుపునీళ్లలో సున్నం పడితే ఎర్రబడతాయి. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపే ప్రతి ఇంటికీ ఈ చర్య తెలుసు. పసుపు మరక మీద సబ్బు రుద్దిన ప్రతివారూ దీన్ని చూశారు. రసాయనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే పసుపులోని కర్కుమిన్ క్షారం సమక్షంలో రంగు మారుస్తుంది. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ‘ఇక్కడ క్షారం ఉందా?’ అనే ఒక్క ప్రశ్నకు అవును, కాదు అనే రెండు జవాబులలో ఒకటి ఇస్తుంది. ఒక ప్రవేశం, ఒక ఫలితం.

ఇంతమాత్రాన్ని గణన అనడం అతిశయోక్తే. గణన మొదలయ్యేది రెండు ప్రశ్నలను కలిపి ఒకే జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు. ‘ఇదీ ఉంటేనే, అదీ ఉంటేనే’ అనే నిబంధనను ఒకే అణువు అమలు చేయగలదా? శ్రీలంకలో పుట్టి బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎ. ప్రసన్న డి సిల్వా, తన సహచరులతో కలిసి 1993లో ‘నేచర్’ పత్రికలో దీనికి సమాధానం ప్రకటించాడు. ఆయన తయారుచేసిన అణువులో వెలుగునిచ్చే ఆంత్రసీన్ భాగం ఒకటి, ఆ వెలుగును ఆర్పేసే భాగాలు రెండు ఉన్నాయి. ఆర్పే భాగాలలో ఒకదాన్ని హైడ్రోజన్ అయాన్లు, రెండోదాన్ని సోడియం అయాన్లు అదుపుచేస్తాయి. రెండు అయాన్లూ తగినంతగా ఉన్నప్పుడే అణువు ప్రకాశవంతంగా వెలుగుతుంది. విద్యుత్ వలయాలలో ‘యాండ్’ గేటు అని పిలిచే తర్కద్వారమే ఇది. తీగలకు బదులు అయాన్లు, వోల్టేజికి బదులు వెలుగు.

1993 అనే ఈ సంవత్సరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఎవరూ నమ్మని ద్రావణం

డి సిల్వా కంటే నలభై ఏళ్ల ముందు ఈ రంగానికి మరో పునాది పడింది. 1951లో సోవియట్ రసాయనశాస్త్రజ్ఞుడు బోరిస్ బెలౌసోవ్, జీవకణంలోని సిట్రిక్ ఆమ్ల చక్రానికి పరీక్షనాళికలో ఒక నమూనా తయారుచేయాలనుకొన్నాడు. సిట్రిక్ ఆమ్లం, బ్రోమేటు, సీరియం లవణాలను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపితే ద్రావణం పసుపురంగుకు మారి, రంగు కోల్పోయి, మళ్లీ పసుపురంగుకు వచ్చింది. గడియారపు లోలకంలా అటూ ఇటూ ఊగింది. పత్రిక సంపాదకులు ఇది అసాధ్యమని వ్యాసాన్ని తిప్పిపంపారు. రసాయన చర్య సమస్థితి వైపే నడవాలి గాని వెనక్కి తిరగరాదన్నది అప్పటి నమ్మకం. చివరికి 1959లో రేడియేషన్ వైద్యానికి సంబంధించిన ఒక సంకలనంలో, ఎవరి కంటా పడని చోట, ఆ పరిశోధన అచ్చయింది. 1961 నుంచి అనతోలీ జబొతిన్‌స్కీ దాన్ని చేపట్టి, సిట్రిక్ ఆమ్లం స్థానంలో మలోనిక్ ఆమ్లం వాడి, ఆ చర్యను నిలబెట్టాడు. 1980లో లెనిన్ బహుమతి ప్రకటించేనాటికి బెలౌసోవ్ మరణించి పదేళ్లయింది.

పలుచని పొరగా పోసిన ఈ ద్రావణంలో రంగు తరంగాలు పుట్టి పాకుతాయి. రెండు తరంగాలు ఎదురైతే రెండూ ఆరిపోతాయి. ఈ గుణమే గణనకు పనికివచ్చింది. 1989లో కూనర్ట్, అగ్లాద్జే, క్రిన్‌స్కీ వెలుతురుకు స్పందించే ద్రావణం మీద చిత్రాన్ని ప్రసరింపజేసి, ఆ చిత్రపు అంచులను ద్రావణమే గుర్తించేటట్లు చేశారు. 1995లో స్టైన్‌బాక్, టోత్, షోవాల్టర్ ఒక చిక్కుదారిలో తరంగాన్ని వదిలి, అతి దగ్గరి మార్గాన్ని కనుక్కొన్నారు. ఇవన్నీ అద్భుత ప్రయోగాలే. అయితే ప్రయోగశాల గడప దాటి నిత్యజీవితంలో ఒక్క నిర్ణయమైనా తీసుకొన్నవి వీటిలో కనబడవు. గణనకు గణితరూపం ఇచ్చిన అలన్ ట్యూరింగే 1952లో జంతువుల చర్మం మీది చారలను రసాయన చర్యల, విసరణల ఫలితంగా వివరించాడన్నది ఇక్కడ తలచుకోదగిన విషయం.

నీలిరంగు: ఎంత అనే ప్రశ్న

తెలుగువారికి ఈ చరిత్రలో ఉన్న స్థానం భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వల్ల వచ్చింది. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష జీవరసాయనశాస్త్రంలో అత్యధికంగా వాడిన పద్ధతులలో ఒకటి. మాలిబ్డేటుతో చర్య జరిపిన ఫాస్ఫేటు నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఈ పరీక్ష ‘ఉందా, లేదా’ అని అడగదు, ‘ఎంత’ అని అడుగుతుంది. నేటి పరిభాషలో ఇది అనలాగ్ గణన. ఒక రాశిని మరో రాశిగా మార్చి చూపుతుంది. ఈ పద్ధతి చేతిలో ఉండబట్టే వారు కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలికితీయగలిగారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు.

ఆ ఏటీపీ మళ్లీ గణన చరిత్రలో తలెత్తిన తీరు ఆసక్తికరం. 1994లో లాస్ ఏంజెలస్‌లో లెనార్డ్ ఏడెల్‌మన్ ఏడు నగరాల గుండా ఒక్కోదాన్ని ఒక్కసారే తాకుతూ వెళ్లే దారిని డీఎన్ఏ పోగులతో కనుక్కొన్నాడు. నగరాలూ దారులూ పోగులుగా రాసుకొని, అవి వాటంతట అవే జతకూడేటట్లు చేసి, జతకూడిన పోగుల తెగిన కొసలను టీ4 లైగేజ్ అనే ఎంజైముతో అతికించాడు. ఆ ఎంజైము అతుకు వేయాలంటే ఏటీపీ ఖర్చు కావాలి. ఏడు నగరాల చిక్కును కాగితం మీద నిమిషాలలో విప్పవచ్చు. ప్రయోగశాలలో ఏడెల్‌మన్‌కు దాదాపు వారం పట్టింది. అయినా అణువులకు లెక్క చెప్పవచ్చునని తేలింది. సుబ్బారావు పేరు వైద్యచరిత్రలో మాత్రమే చదివే మనం, అణువుల లెక్కకు ఇంధనమైన పదార్థం వెనుక కూడా ఆయన ఉన్నాడని గుర్తించాలి.

మన్యపు జ్వరం: సమాచారపు సమస్య

ఇక మన్యానికి వద్దాం. రంప ప్రాంతంలో 1879లో మొదలైన తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ దళాలను తుపాకుల కంటే ఎక్కువగా చలిజ్వరం కుంగదీసింది. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగి, కాంట్రాక్టరు, పోలీసు అందరూ భయపడిన జ్వరం అది. భయపడి వెళ్లిపోయే వీలు లేనివారు కొండవాళ్లే.

ఆ జ్వరం దోమ వల్ల వస్తుందనడానికి కీలక సాక్ష్యం దొరికింది కూడా తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. రక్తంలోని పరాన్నజీవిని రంగులద్ది చూసే పద్ధతులు అప్పటికే ఐరోపాలో రూపొందుతున్నాయి. భారతదేశంలో 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ రూపొందించిన రంగు, వారి పేర్ల పొడి అక్షరాలతో ‘జేఎస్‌బీ’గా ప్రసిద్ధమై, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బల్లల మీదకు చేరింది. ఇక్కడ రసాయనం చేసే పని పరాన్నజీవిని కనిపించేటట్లు చేయడమే. నిర్ణయం మాత్రం సూక్ష్మదర్శిని వెనుక కూర్చున్న మనిషిదే.

1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం జాతీయ స్థాయిలో మొదలయ్యాయి. 1965 నాటికి దేశంలో కేసులు సుమారు లక్షకు తగ్గాయి. 1976లో 64 లక్షలు దాటాయి. ఈ పతనోత్థానాలకు దోమల నిరోధకత, నిధుల కొరత వంటి కారణాలు అనేకం చెబుతారు. మన్యం వైపు నుంచి చూస్తే మరొకటి కూడా కనిపిస్తుంది: సమాచారం ఆలస్యం కావడం. గూడెంలో తీసిన రక్తపు చుక్క గాజు స్లైడు మీద ఎండి, కాలినడకన, వాగులు దాటి, బస్సెక్కి ప్రయోగశాలకు చేరాలి. రంగు వేసి చూడాలి. ఫలితం అదే దారిన వెనక్కి రావాలి. ఈలోగా రోగికి ముందుజాగ్రత్తగా క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చేవారు. ఫలితం వచ్చేసరికి కొందరు కోలుకొనేవారు. కోలుకోనివారి విషయంలో ఆ కాగితం ఎవరికీ ఉపయోగపడేది కాదు.

మందు ఏమిటన్నది పరాన్నజీవి జాతిని బట్టి ఉంటుంది. వైవాక్స్ అయితే మూడు రోజుల క్లోరోక్విన్, కాలేయంలో దాగిన రూపాలను తొలగించడానికి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. ఫాల్సిపారం అయితే ఆర్టెమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్స. అది ఆలస్యమైతే జ్వరం మెదడుకు ఎక్కి ప్రాణం తీయవచ్చు. కాబట్టి గూడెంలో నిలబడి తేల్చవలసిన ప్రశ్నలు రెండు: ఫాల్సిపారం ఉందా? వైవాక్స్ ఉందా? ఇవి రెండు బిట్ల సమాచారం. ఆ రెండు బిట్ల కోసం ఒక స్లైడు కొండలు దిగి వెళ్లేది.

పట్టీ మీద సత్యపట్టిక

డి సిల్వా అణువు వెలుగుచూసిన 1993లోనే, టాంజానియాలో పరీక్షించిన ఒక కొత్త పట్టీ గురించి షిఫ్, ప్రేమ్‌జీ, మింజాస్ ప్రకటించారు. ఫాల్సిపారం రక్తంలోకి విడిచే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీనును కాగితపు పట్టీ మీద గుర్తించే ‘పారాసైట్–ఎఫ్’ పరీక్ష అది. ఒకే సంవత్సరం, రెండు ఖండాలు. బెల్‌ఫాస్ట్‌వారు తమ పనిని ‘తర్కం’ అన్నారు, టాంజానియావారు ‘రోగనిర్ధారణ’ అన్నారు. పేర్లు వేరు గనుక రెండు చరిత్రలు వేరువేరు అల్మరాలలోకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పట్టీ నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఆ విభజన నిలవదు. వేలి కొసన తీసిన కొన్ని మైక్రోలీటర్ల రక్తం, కొన్ని చుక్కల ద్రావకం కలిసి కాగితం వెంట పాకుతాయి. దారిలో బంగారపు సూక్ష్మకణాలు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. బంగారం ఆ పరిమాణంలో ఎర్రగా కనిపిస్తుంది. పరాన్నజీవి ప్రోటీను ఉంటే ఈ యాంటీబాడీ దాన్ని పట్టుకొంటుంది. ఇంకొంచెం ముందుకు వెళ్లాక, కాగితానికి గీతగా అతికించిన మరో యాంటీబాడీ అదే ప్రోటీనును ఇంకోవైపు నుంచి పట్టుకొంటుంది. రెండు చేతులూ ఒకే ప్రోటీనును పట్టుకొన్నప్పుడే బంగారం ఆ గీత దగ్గర ఆగి ఎర్రగీత పడుతుంది. ఒక చేయి మాత్రమే పట్టుకొంటే ఏ గీతా పడదు. ఇది ఖచ్చితంగా ‘యాండ్’ ద్వారమే. ఒక్క యాంటీబాడీ పొరపాటున వేరే ప్రోటీనును పట్టుకొన్నా రెండోది ఒప్పుకోదు గనుక, తప్పుడు జవాబును తగ్గించడానికే ఈ ఏర్పాటు.

వీటికి పైన మూడో గీత, నియంత్రణ గీత. రోగి రక్తంలో ఏముందన్నదానితో దీనికి సంబంధం లేదు. ద్రవం చివరిదాకా పాకిందా, యాంటీబాడీ చెడిపోకుండా ఉందా అన్నది మాత్రమే చెబుతుంది. యంత్రం తన ఆరోగ్యాన్ని తానే పరీక్షించుకోవడం ఇది.

భారతదేశంలో మొదట వాడిన పట్టీ ఫాల్సిపారాన్ని మాత్రమే గుర్తించేది. గీత పడకపోతే జ్వరం వైవాక్స్ వల్లనా, మలేరియాయే కాదా అన్నది తేలక స్లైడు మళ్లీ కొండ దిగవలసి వచ్చేది. 2013 నుంచి జాతీయ కార్యక్రమంలో రెండు జాతులనూ వేరుగా చూపే పట్టీ వచ్చింది; వైవాక్స్ కోసం లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును పట్టుకొనే గీత చేరింది. ఒక బిట్టు రెండు బిట్లయింది. మూడు గీతలు పడడం, పడకపోవడం లెక్కవేస్తే ఎనిమిది స్థితులు. నియంత్రణ గీత లేని నాలుగూ చెల్లవు. మిగిలిన నాలుగింటిలో ఒకటి మలేరియా లేదని, ఒకటి ఫాల్సిపారమని, ఒకటి వైవాక్స్ అని, చివరిది రెండూ ఉన్నాయని చెబుతాయి. ఏ డిజిటల్ పాఠ్యపుస్తకంలోనైనా మొదటి అధ్యాయంలో ఉండే సత్యపట్టిక ఇదే. దీన్ని ఆశా కార్యకర్త శిక్షణలో బొమ్మల రూపంలో నేర్చుకొంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. ఈ పట్టీకి ప్రోగ్రాము రాయలేం, ఒక్కసారి వాడి పారేస్తాం, దీన్ని గణనయంత్రం అనవచ్చునా? ట్యూరింగ్ అర్థంలో సార్వత్రిక యంత్రం కాదన్నది నిజం. కాని డి సిల్వా అణువు కూడా కాదు; దాన్ని తర్కద్వారమని ఒప్పుకొన్న మనం దీన్ని కాదనడానికి, ప్రయోగశాలలో పుట్టినదానికీ గూడెంలో వాడేదానికీ మధ్య మనం పాటించే అంతస్తుల తేడా తప్ప మరో కారణం నాకు కనబడటం లేదు. పైగా 2011లో లూలూ చియాన్, ఎరిక్ విన్‌ఫ్రీ డీఎన్ఏ వలయంతో నాలుగు బిట్ల సంఖ్యకు వర్గమూలం కట్టినప్పుడు జవాబుకు గంటలు పట్టింది. పట్టీకి పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలు.

అణువుల లెక్కలో దోషం

సొలోవేచిక్, కుక్, విన్‌ఫ్రీ, బ్రక్ 2008లో నిరూపించిన ఒక సిద్ధాంతం ఈ సందర్భంలో ముఖ్యం. సరిగా అమర్చిన రసాయన చర్యల వ్యవస్థ ఎలాంటి గణననైనా చేయగలదు, అయితే దోషానికి ఉన్న అవకాశాన్ని ఎంతైనా తగ్గించవచ్చు గాని సున్నా చేయలేం. పట్టీ విషయంలో ఈ దోషం గణితం కాదు, ప్రాణం. పట్టీలను అంచనావేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే కనిష్ఠ ప్రమాణం మైక్రోలీటరు రక్తంలో 200 పరాన్నజీవులు. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు రోగం ఉన్నా గీత పడకపోవచ్చు. హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీను చికిత్స తరువాత వారాల తరబడి రక్తంలో నిలుస్తుంది గనుక, పరాన్నజీవి చచ్చాక కూడా పట్టీ ‘ఉంది’ అంటుంది. అంటే పాత సమాచారాన్ని చెరపలేని జ్ఞాపకం. ఎండలో, తేమలో కిట్లు చెడిపోతాయి. చెప్పిన సమయం దాటాక చూస్తే లేని గీత కనిపించవచ్చు.

ఇవి యంత్రం లోపాలు. మరోటి ప్రత్యర్థి ఎత్తుగడ లాంటిది. 2010లో పెరూ అమెజాన్ ప్రాంతంలో హెచ్‌ఆర్‌పీ2 జన్యువే లేని ఫాల్సిపారం పరాన్నజీవులు బయటపడ్డాయి. తరువాత ఎరిత్రియాలో ఈ రకం ఎంతగా వ్యాపించిందంటే ఆ దేశం పట్టీలనే మార్చుకోవలసి వచ్చింది. భారతదేశంలోనూ అక్కడక్కడ వీటిని గుర్తించారు. ఈ పరాన్నజీవి రక్తం నిండా ఉన్నా, పట్టీ అడిగే ప్రశ్నకు పట్టుబడదు. నియంత్రణ గీత చక్కగా పడుతుంది, ఫాల్సిపారం గీత పడదు. పట్టీ తన నియమం ప్రకారం ‘లేదు’ అంటుంది. తర్కం సరైనదే, ప్రవేశం మారిపోయింది. ఇలాంటి తప్పుడు ‘లేదు’లు అయిదు శాతం దాటితే పరీక్షను మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ అయిదు శాతాన్ని కనిపెట్టాలంటే పట్టీ ‘లేదు’ అన్న రక్తాన్ని కూడా మరో విధంగా పరీక్షించి ఉండాలి.

అందుకే జ్వరం ఉండి పట్టీ ‘లేదు’ అన్నప్పుడు పని ముగియదు. ఆశా కార్యకర్త అదే వేలి నుంచి మరో చుక్క తీసి, గాజు స్లైడు మీద పూత వేసి, ఆరబెట్టి, పేరు రాసి, ఘాట్ రోడ్డు మీద కిందికి వెళ్లే మనిషి చేతికి ఇస్తుంది. కింద ఆరోగ్య కేంద్రంలో దానికి రంగు వేసి, 1897లో రాస్ వంగి చూసినట్లే ఒకరు వంగి చూస్తారు. స్లైడు చేరడానికీ ఫలితం తిరిగి రావడానికీ పట్టే సమయం, ఇప్పటికీ, వాగులో నీళ్లను బట్టే ఉంటుంది.